‘దుబాయ్‌కు హక్కులు’ అంటే ఎవరికి?

సందేహం: ‘దుబాయ్‌కు విమాన హక్కులు పెంచారు’ అని రాస్తే ఆ హక్కులు దక్కింది దుబాయి సంస్థలకా, దుబాయి వెళ్లే మన సంస్థలకా? ఇలాంటి వార్తలలో కనిపించే ‘ఐదో స్వేచ్ఛ’ అనే మాట సరైనదేనా? ‘ద్వైపాక్షిక’, ‘ద్విపాక్షిక’లలో ఏది సాధువు?

సమాధానం: మీరు ఉదాహరించిన వాక్యం రెండర్థాలకూ తావిస్తున్నది. మన వ్యాకరణాలు కి, కు ప్రత్యయాలను షష్ఠిలో చేర్చినప్పటికీ, వాడుకలో అవి పుచ్చుకునే వ్యక్తినీ (తమ్ముడికి పుస్తకం ఇచ్చాను), చేరవలసిన చోటునూ (తిరుపతికి వెళ్లాను) ఒకే తీరున తెలుపుతాయి. ‘మా ఊరికి బస్సు వేశారు’ అన్నప్పుడు బస్సు వచ్చేదీ ఆ ఊరికే, మేలు కలిగేదీ ఆ ఊరికే కనుక రెండర్థాలూ కలిసిపోయి ఎవరికీ చిక్కు రాదు. విమాన ఒప్పందంలో మాత్రం విమానం దిగే చోటు ఒకరిది, దాన్ని నడిపే హక్కు మరొకరిది కావచ్చు. అక్కడ ‘కు’ ఒక్కటే రెండు బరువులూ మోయలేదు.

ఏ దేశపు నేల మీది ఆకాశంపై ఆ దేశానికే సంపూర్ణాధికారం ఉంటుందని 1944 నాటి షికాగో ఒప్పందం స్పష్టం చేసింది. అందువల్ల క్రమం తప్పక నడిచే విదేశీ విమానానికి ఆ దేశపు అనుమతి తప్పనిసరి అయింది. రెండు పక్షాలు కూర్చుని ఎవరి సంస్థలు, ఏయే నగరాలకు, వారానికి ఎన్ని సీట్ల మేరకు విమానాలు నడపాలో రాసుకునే పద్ధతి నిలబడింది. దుబాయితో మనకున్న లెక్క 2014 ఒప్పందంతో వారానికి సుమారు 65 వేల సీట్లకు చేరింది. (అబుదాబి, షార్జాల లెక్కలు వేరు.) ఈ 65 వేలు ఇరు పక్షాలకూ కలిపి కాదు, ఒక్కొక్క పక్షానికి. ఈ సంగతి చెప్పడానికి వార్తలు నానా తంటాలూ పడుతుంటాయి గాని, తెలుగులో అచ్చంగా ఇందుకే పుట్టినట్టు ‘చెరి’ అనే మాట ఉన్నది. అన్నదమ్ములిద్దరూ చెరి రెండెకరాలు పంచుకుంటారు; ముగ్గురైతే తలా రెండెకరాలు. ఇద్దరి విషయంలోనూ ‘తలా’ అని రాయడం ఈమధ్య ఎక్కువైంది, అది నాకు రుచించదు. ‘భారత, దుబాయి సంస్థలు వారానికి చెరి 65 వేల సీట్లు నడుపుకోవచ్చు’ అంటే ఇక వివరణే అక్కర లేదు.

ఇక మీ వాక్యాన్ని దిద్దడం సులభం. విమానం నడిపేవారిని కర్తగా ప్రథమలో నిలిపి, ‘కు’ను గమ్యానికే విడిచిపెట్టండి: ‘దుబాయి సంస్థలు మన నగరాలకు నడపగల సీట్లను పెంచారు’, లేదా ‘మన సంస్థలు దుబాయికి నడపగల సీట్లను పెంచారు’. సీట్ల సంఖ్య పెరిగితే ‘పెంచారు’ అనడమే చాలు. ‘హక్కులను విస్తరించారు’ అనే మాటను, జాబితాలో కొత్త నగరాలు చేరిన సందర్భానికి దాచుకోవడం మంచిది. విమానాశ్రయానికి ‘అంతర్జాతీయ’ అనే పేరు వచ్చినంత మాత్రాన ఏ విదేశీ సంస్థ విమానమైనా వచ్చి దిగదు. ఆ నగరం పేరు ఒప్పందంలో ఉండాలి.

‘స్వేచ్ఛ’ అన్న మాటను ఈ చోట నేను ఒప్పుకోలేను. స్వ, ఇచ్ఛ కలిసి స్వేచ్ఛ అయింది; అంటే తన ఇష్టం. ఇక్కడ నడిచేది ఎదుటివారి ఇష్టం. దేశాలు పరదేశపు విమానాలకు ఇచ్చుకునే వెసులుబాట్లను ఒకటి, రెండు అని వరుసగా లెక్కపెట్టి ‘స్వేచ్ఛలు’ అంటున్నారు. వాటిలో ఐదోది, తన దేశం నుంచి బయలుదేరిన విమానం రెండో దేశంలో ప్రయాణికులను ఎక్కించుకుని మూడో దేశంలో దించే వెసులుబాటు. దుబాయి ఎమిరేట్స్ సంస్థ మిలాన్ మీదుగా న్యూయార్కుకు నడిపే విమానం ఈ కోవలోనిదే. ఇటలీ, అమెరికా రెండూ సమ్మతిస్తేనే అది సాధ్యం. సమ్మతితో సంక్రమించేదాన్ని ‘హక్కు’ అనాలి. హైదరాబాదులో ఎక్కి, దుబాయిలో విమానం మారి డాలస్‌లో దిగే మనవాళ్ల ప్రయాణాన్ని ఆరోదిగా లెక్కిస్తారు. నిజానికది రెండు వేర్వేరు ఒప్పందాల హక్కులను దుబాయిలో ముడివేయడమే. దుబాయి సీట్లు పెంచుతామన్నప్పుడల్లా మన సంస్థలు అభ్యంతరం చెప్పేది ప్రధానంగా ఈ ముడిని చూసే. ఇన్ని మెలికలున్న వ్యవహారాన్ని ‘ఐదో స్వేచ్ఛ’ అని రెండు ముక్కలలో తేల్చేసే కన్నా, ‘మూడో దేశానికి ప్రయాణికులను ఎక్కించుకునే హక్కు’ అని విప్పి చెప్పడం మేలు.

‘ద్వైపాక్షిక’ అనే రూపమే వాడుకలో స్థిరపడింది. ద్వైమాసిక, త్రైమాసికలలో వలెనే మొదటి అచ్చుకు వృద్ధి వచ్చింది. ‘ద్విపాక్షిక’ నప్పదు. ‘ద్విపక్ష ఒప్పందం’ అంటే మాత్రం ఆక్షేపణ లేదు.

అన్నట్టు, మీరు ‘దుబాయ్‌కు’ అని రాశారు. ఇకారం మీద ‘కి’ రావడం మన భాష అలవాటు. యకారపు పొల్లుతో ముగిసినట్టు రాసినా, మన నోట ఆ మాట ఇకారాంతమే కనుక ‘దుబాయికి’ అనండి.