ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో బీఎస్‌డబ్ల్యూ: ముందు ఫీల్డ్ వర్క్ ఎక్కడ చేస్తారో తేల్చుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఇంటర్ అయింది, ఇద్దరు పిల్లలు, ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ మొబిలైజర్ ఉద్యోగం. ఉద్యోగం మానకుండా ఆన్‌లైన్‌లో బీఎస్‌డబ్ల్యూ (బ్యాచిలర్ ఆఫ్ సోషల్ వర్క్) చేయొచ్చా, ఆ డిగ్రీకి విలువ ఉంటుందా, ఇంట్లో కూర్చుని చదివితే ఫీల్డ్ వర్క్ (ఊళ్లకూ సంస్థలకూ వెళ్లి సూపర్‌వైజర్ కింద చేసే ప్రాక్టికల్ పని) ఎలా అవుతుంది అని.

నేనూ దాదాపు మీలాగే చేశాను. గద్వాల వైపు బాలల హక్కుల మీద పనిచేసే సంస్థలో ఉద్యోగం చేస్తూ ఇగ్నో (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్యలో బీఎస్‌డబ్ల్యూ పూర్తిచేశాను. చేయొచ్చు, పనికొస్తుంది. కాకపోతే చాలామంది వీడియో క్లాసులు బాగుంటాయా, పరీక్షలు కష్టమా అని ఆలోచించి చేరతారు. వాటితో పెద్ద ఇబ్బంది లేదు. ఈ డిగ్రీ ఆగిపోయేది ఫీల్డ్ వర్క్ దగ్గరే. నాతో చేరినవాళ్లలో థియరీ పేపర్లన్నీ పాసై, ఫీల్డ్ వర్క్ జర్నల్ (చేసిన పని రాసి ఇచ్చే పుస్తకం) ఇవ్వలేక డిగ్రీ రానివాళ్లు ఉన్నారు.

ముందు విలువ సంగతి. యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇచ్చే డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. 2020 నిబంధనల్లో ఈ మాట ఉంది, 2022లో యూజీసీ మళ్లీ ప్రకటించింది కూడా. అయితే దూరవిద్య వేరు, ఆన్‌లైన్ వేరు. దూరవిద్యలో పుస్తకాలు వస్తాయి, స్టడీ సెంటర్ ఉంటుంది, పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి. ఆన్‌లైన్ పద్ధతిలో క్లాసులూ మెటీరియల్ అన్నీ ఇంటర్నెట్‌లోనే. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్య కోర్సును సొంత రాష్ట్రం దాటి నడపకూడదు, ఆన్‌లైన్ కోర్సుకు ఆ హద్దు లేదు. మీ ఊళ్లో కన్సల్టెన్సీ బోర్డు పెట్టి ఎక్కడో ఉన్న విశ్వవిద్యాలయం పేరు చెప్పేవాళ్లు ఈ తేడా చెప్పరు. యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఏ సంవత్సరం, ఏ విశ్వవిద్యాలయానికి, ఏ కోర్సుకు అనుమతి ఉందో జాబితా ఉంటుంది. విశ్వవిద్యాలయం పేరు ఉంటే చాలదు, మీ కోర్సు పేరు కూడా అందులో ఉండాలి. 2024 నుంచి చేరేవాళ్లు ఏబీసీ ఐడీతో (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నంబరు) డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబరు) తీసుకోవాలి. అది అక్కర్లేదు అన్నవాడి దగ్గర ఫీజు కట్టకండి. "ఫీల్డ్ వర్క్ మేం చూసుకుంటాం, మీరు పరీక్షకు వస్తే చాలు" అన్నవాడి దగ్గర అసలే కట్టకండి.

ఇప్పుడు ఫీల్డ్ వర్క్. నేను చేరేటప్పుడు నా రోజువారీ పనే ఫీల్డ్ వర్క్ కింద రాసి ఇవ్వొచ్చనే ధీమాతో ఉన్నాను. సూపర్‌వైజర్ మేడమ్ మొదటి సమావేశంలోనే కాదన్నారు. ఉద్యోగంలో మీకు టార్గెట్ ఉంటుంది, ఎంతమందిని బడిలో చేర్చారని ఆఫీసు అడుగుతుంది. ఫీల్డ్ వర్క్‌లో నేను అడిగేది వేరు, మీరు ఏం విన్నారో, ఏం చేశారో, ఎందుకు చేశారో చెప్పాలి అన్నారు. నా డ్యూటీ గ్రామాలు కాకుండా వేరే ఊరు ఎంచుకోమన్నారు. ఆమె మాట మొదట నాకు నచ్చలేదు, చదువు అయ్యేసరికి మాత్రం ఆ షరతు లేకపోతే ఏమీ నేర్చుకునేదాన్ని కాదనిపించింది. మీ స్టడీ సెంటర్ పనిచేసే సంస్థనే ఒప్పుకోవచ్చు, కనుక్కోండి. ఒప్పుకున్నా, ఉద్యోగంలో చేయని పని ఏదైనా అందులో పెట్టుకోండి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఊరూ, కుటుంబం వివరాలూ మార్చాను.

మా వైపు సీడు పత్తి ఎక్కువ. హైబ్రిడ్ విత్తనం కోసం క్రాసింగ్ చేయాలి: సాయంత్రం ఆడ వరుసల్లో మొగ్గలు విప్పి పుప్పొడి ఉండే కేసరాలు తీసేస్తారు, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి అద్దుతారు. ఆ రోజుల్లో కూలీలు చాలా కావాలి, పిల్లల చేతులు చిన్నవి, మొక్క ఎత్తు కూడా వాళ్లకు సరిపోతుంది. రైతులకు విత్తనాల ఆర్గనైజర్లు (విత్తన కంపెనీలకూ రైతులకూ మధ్యవర్తులు) పెట్టుబడికి అప్పిస్తారు, రైతులు కూలీల కుటుంబాలకు అడ్వాన్స్ ఇస్తారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె బడి మానేసింది. తల్లితో మాట్లాడితే "క్రాసింగ్ అయిపోనీ మేడమ్, పంపిస్తా" అంది. మామూలు డ్యూటీలో అయితే రిజిస్టర్లో 'తల్లి హామీ ఇచ్చింది' అని రాసి తరువాతి ఇంటికి వెళ్తాం.

ఫీల్డ్ వర్క్‌లో అలా కుదరదు. ప్రాసెస్ రికార్డింగ్ రాయాలి. ఆమె ఏమంది, నేనేమన్నాను, మధ్యలో ఎవరు మౌనంగా ఉన్నారు, ఆ సమయంలో నాకేమనిపించింది, అన్నీ. నా రికార్డు చదివి మేడమ్ పక్కన ఎర్ర ఇంకుతో రెండే ప్రశ్నలు రాశారు. క్రాసింగ్ అయ్యాక అంటే ఏ నెల? అడ్వాన్స్ ఎవరి దగ్గర తీసుకున్నారు? తరువాతిసారి ఆ రెండే అడిగాను. అడ్వాన్స్ తీసుకున్నది తండ్రి వైద్యానికట. తీరేది ఆ ఒక్క సీజన్‌లో కాదు. అంటే ఆ అమ్మాయి వచ్చే ఏడూ బడికి రాదు. అక్కడి నుంచి పని దారే మారిపోయింది. తల్లికి బడి గొప్పతనం చెప్పడం ఆపేసి, ఆమె ఉన్న డ్వాక్రా సంఘంలో అప్పు దొరుకుతుందా అని వీఓఏతో (గ్రామ సంఘం సహాయకురాలు) మాట్లాడాను, కస్తూర్బా విద్యాలయంలో (ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్ బడి) సీటు గురించి ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడాను. అమ్మాయి ఆ ఏడాది సగంలో కస్తూర్బాలో చేరింది. అన్నీ ఇలా అవ్వవు, ఇది అయింది కాబట్టి చెబుతున్నాను.

థియరీ పనికొచ్చేదీ ఇక్కడే. బాలకార్మిక చట్టం 1986 నాటిది. 2016 సవరణతో 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. కానీ అదే సవరణలో బడి సమయం అయ్యాక సొంత కుటుంబం పనిలో సాయం చేయొచ్చనే మినహాయింపు ఉంది. పొలాల్లో ఎవరిని అడిగినా "మా సొంత చేనే" అంటారు, అన్నిసార్లూ నిజం కాదు. పుస్తకంలో అర పేజీ ఉన్న ఆ మినహాయింపు ఊళ్లో ఎంత పెద్దదో, ఇలాంటి ఇళ్లకు తిరిగాక తెలిసింది. అలాగే వ్యక్తి స్వనిర్ణయ హక్కు, తీర్పు చెప్పకుండా వినడం, గోప్యత లాంటి సూత్రాలు పరీక్షకు బట్టీ పట్టొచ్చు. తాగొచ్చిన భర్త పక్కనుండగా ఆ ఇంట్లో గోప్యత ఎలా పాటిస్తారో మాత్రం రాసి చూపించాల్సింది మీరే.

ఇంకో చిక్కు సమయం. సంస్థలు, ఆఫీసులు ఆదివారం ఉండవు, మనకు సెలవు ఆదివారమే. నేను గ్రూప్ వర్క్‌ను (ఒక బృందంతో చేసే పని) కాలనీలో అమ్మాయిలతో ఆదివారం సాయంత్రాలు పెట్టుకున్నాను, కేస్ వర్క్‌కు (ఒక్కో వ్యక్తితో, కుటుంబంతో చేసే పని) అప్పుడప్పుడు జీతం లేని సెలవు పెట్టాను. ఆటో చార్జీలకు ముందే కొంత పక్కన పెట్టుకోండి, ఫీజు గురించి ఆలోచించినంతగా దీని గురించి ఎవరూ ఆలోచించరు. ఏ రోజు సందర్శనకు ఆ రాత్రే రికార్డు రాయండి. వారం తరువాత రాస్తే అది రిపోర్టు అవుతుంది, రికార్డు కాదు. పిల్లలు పడుకున్నాక రాయడం నాకూ నరకంలాగే ఉండేది. ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు కదా అంటారు కొందరు. వాళ్లింటికి వెళ్లి వాళ్ల గోడు రికార్డు చేయడమంటే అనుమతి అడగాలి, అడిగితే వాళ్లు ఇంకేం మాట్లాడరు. బయటికొచ్చి మీ గొంతుతో గుర్తున్నవి చెప్పుకుని, ఇంటికొచ్చి రాయండి. పేర్లు మార్చి.

చదువు భాగం త్వరగా చెబుతా. ఇగ్నోలో నా బ్యాచ్‌కు కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల చదువు అని లెక్క. అసైన్‌మెంట్లకు 30 శాతం, టర్మ్ ఎండ్ పరీక్షకు 70 శాతం. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. మెటీరియల్ ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ ఉంది, తెలుగులో లేదు. ఇంటర్ తెలుగు మీడియం వాళ్లకు మొదటి ఆరు నెలలు దీనితోనే టెన్షన్. పుస్తకాలు ఇగ్నో వెబ్‌సైట్ ఈజ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా ఉంటాయి. ఫీజు కట్టక ముందే బీఎస్‌డబ్ల్యూ మొదటి పేపర్ ఒకటి తీసి పది పేజీలు చదవండి. డిక్షనరీతో అయినా ముందుకు వెళ్లగలిగితే చేరండి.

చదువు అస్సలు ముందుకు సాగకపోతే వేరే దారి ఉంది, ఇది ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను. ఎంఎస్‌డబ్ల్యూలో (సోషల్ వర్క్ పీజీ) చేరడానికి బీఎస్‌డబ్ల్యూనే ఉండాలని లేదు, సాధారణంగా ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో తెలుగు మీడియంలో బీఏ చేసి, తరువాత ఎంఎస్‌డబ్ల్యూకి వెళ్లొచ్చు. ఉస్మానియాకైతే సీపీగెట్ (తెలంగాణ పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. టిస్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) చేరాలంటే సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష.

ఉద్యోగాలు చెప్పమన్నారు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. బీఎస్‌డబ్ల్యూ ఒక్కదానితో దొరికేవి ఎక్కువగా కింది మెట్టు పోస్టులు. జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో ఔట్‌రీచ్ వర్కర్, సోషల్ వర్కర్ లాంటివి, స్వచ్ఛంద సంస్థల్లో కోఆర్డినేటర్ స్థాయి ఉద్యోగాలు. చాలావరకు కాంట్రాక్టు. ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే పథకం) సూపర్‌వైజర్ పోస్టుల నోటిఫికేషన్లలో హోమ్ సైన్స్, సోషియాలజీలతో పాటు సోషల్ వర్క్ డిగ్రీనీ అర్హతగా చూశాను. అయితే ప్రతి నోటిఫికేషన్‌లో అర్హతలు వేరుగా ఉంటాయి, చదువుకుని దరఖాస్తు చేయండి. కౌన్సెలర్, ప్రొటెక్షన్ ఆఫీసర్, ఆస్పత్రిలో సోషల్ వర్కర్ అంటే చాలా చోట్ల ఎంఎస్‌డబ్ల్యూ అడుగుతారు. డిగ్రీ అయ్యాక నాకు జీతం పెరిగింది కానీ గొప్పగా ఏమీ కాదు. మారింది ఏమిటంటే జిల్లా స్థాయి సమావేశాలకు పిలుస్తున్నారు, మాట్లాడితే వింటున్నారు.

ఆస్పత్రి వైపు, మానసిక ఆరోగ్యం వైపు వెళ్లాలని మీకు ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త. అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం 2021లో వచ్చింది. మెడికల్ సోషల్ వర్కర్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కూడా ఆ చట్టం జాబితాలో ఉన్నారు. దాని పరిధిలోకి వచ్చే కోర్సులను, సైకాలజీతో సహా, దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపొద్దని 2025లో యూజీసీ చెప్పింది. కాబట్టి ఆ దారి కావాలంటే పై చదువు రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లి చేసేలా ఇప్పుడే ప్లాన్ వేసుకోండి. సమాజంలో, గ్రామాల్లో పని అయితే అంత బెంగ అక్కర్లేదు.

ఈ వారంలో చేయాల్సింది: మీకు దగ్గరలోని స్టడీ సెంటర్‌కు ఫోన్ చేయకుండా నేరుగా వెళ్లండి. బీఎస్‌డబ్ల్యూ ఫీల్డ్ వర్క్‌కు సూపర్‌వైజర్ ఎవరు, ఆమె లేదా ఆయన మీ జిల్లాలో ఉంటారా, పనిచేస్తున్న సంస్థను ఏజెన్సీగా (ఫీల్డ్ వర్క్ చేసే సంస్థగా) ఒప్పుకుంటారా, పాత విద్యార్థుల జర్నల్ ఒకటి చూపిస్తారా అని అడగండి. మీ సంస్థ డైరెక్టర్‌ను కూడా ముందే అడిగి నెలలో ఎన్ని పూటలు వదులుతారో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట మీద వదిలితే ఫండింగ్ రిపోర్టుల కాలంలో ఎవరికీ గుర్తుండదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో ఇగ్నో ప్రాంతీయ కేంద్రాలున్నాయి, మీ జిల్లా ఏ కేంద్రం కిందికి వస్తుందో, ఏ స్టడీ సెంటర్లో బీఎస్‌డబ్ల్యూ ఉందో అక్కడ చెబుతారు. జిల్లా పేరు కామెంట్లో పెడితే, నాకు తెలిసిన ఫీల్డ్ వర్క్ ఏజెన్సీలు అక్కడ ఏమైనా ఉన్నాయేమో చూసి చెబుతాను.