కాళాస్తి కలంకారీ గురించి అడిగితే నేను చెప్పే పేరు

తిరుపతి చుట్టుపక్కల కళని చేత్తో చేస్తూ దాని గురించి చదివి రాసిన వాళ్ళెవరన్నా ఉన్నారా అని అడిగారు కదా, మాది తిరుపతే, నాకు వెంటనే గుర్తొచ్చేది శ్రీకాళహస్తి జొన్నలగడ్డ గురప్పశెట్టి గారు. వాళ్ళ నాయన లక్ష్మయ్య గారిదీ కలంకారీ పనే, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసి రంగులద్దే పని, ఈయన బడిలో అయ్యవారుగా చేస్తూనే కలం పట్టారు, పుస్తకాలూ రాశారు, 2008లో పద్మశ్రీ వచ్చింది.

నేను ఆయన దగ్గర నేర్చుకోలేదు. ఇంటర్ సెలవుల్లో కాళాస్తిలో మా అత్తోళ్ళింట్లో ఉండి పక్కవీధిలో ఒకాయన దగ్గర నెలరోజులు కూర్చున్నా. బొమ్మ గీయడం ఇందులో సగం పని కూడా కాదని అప్పుడే తెలిసింది. గుడ్డని కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపి నానబెట్టి ఎండేయాలి, నేను తొందర్లో పాలు తక్కువ పోశా, వెదురు కలం ఆనగానే నలుపు అంతా పాకిపోయింది, దాన్ని ఆపేది పాలల్లో కొవ్వేనంట. ఆ నలుపు కూడా అంగట్లో కొనేది కాదు, తుప్పు ఇనుము బెల్లం నీళ్ళలో వేసి రెండుమూడు వారాలు పులవబెట్టాలి. ఎరుపైతే ఇంకా అద్భుతం, ముందు పటిక నీళ్ళు పూస్తాం, అప్పుడు పెద్దగా ఏం కనపడదు, తర్వాత మంజిష్ఠ లాంటి వేళ్ళు వేసి ఉడకబెడితే పటిక తగిలినచోటే ఎర్రగా తేలుతుంది, మొదటిసారి ఆ గంగాళం దగ్గర్నుంచి నేను కదల్లేదు.

కానీ నన్ను ఓడించింది కథ. గుడ్డ మధ్యలో రాముడి పట్టాభిషేకం, చుట్టూ వరసగా కథ చెప్పే బొమ్మల గడులు, గడిగడికీ తెలుగులో రాత, ఏ గడి తర్వాత ఏది రావాలో నాకు తెలీలేదు. నాకు నేర్పుతున్న ఆయన కలం పక్కన పెట్టించి ముందు రామాయణం చదువుకోమన్నాడు. గురప్పశెట్టి గారి లాంటి చదువుకున్న మనిషి ఈ పనికి ఎంత అవసరమో అక్కడ అర్థమైంది, చెయ్యి తిరిగినవాళ్ళు ఉంటారు, పురాణం నోట్లో ఉన్నవాళ్ళు ఉంటారు, రెండూ ఒకరిలో ఉండటం అరుదు. 1950ల్లో ఈ పని దాదాపు ఆగిపోయే స్థితికొస్తే చేతిపనుల్ని నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ గారి చొరవతో 1957లో కాళాస్తిలో ట్రైనింగ్ సెంటర్ పెట్టారు, అట్లా నిలబడిన పని ఇది.

మీరు కాళాస్తికి పోతే గుడి చూసుకుని వచ్చేయకుండా పనిచేసే ఇళ్ళకి వెళ్ళండి, కూర్చోబెట్టి చూపిస్తారు. అంగళ్ళలో మాత్రం జాగ్రత్త, మా అమ్మకి ఒకచోట ప్రింట్ చీరని చేత్తో వేసిందని అంటగట్టారు, ఇప్పటికీ బాధేస్తుంది. ఒకే గీత ఒకచోట లావుగా ఒకచోట సన్నగా పోతుంటే కలం పని, రెండు నెమళ్ళు అచ్చం ఒకేలా ఉంటే ప్రింట్.