యాంటీవైరస్ పరీక్ష: వర్చువల్ మెషీన్‌లో సగం, నీ నెమ్మది కంప్యూటర్ మీద సగం

శ్రీకాకుళం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

విజయనగరంలో జనానికి ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే నీ సెంటరులోని పన్నెండు కంప్యూటర్లకి ఏ యాంటీవైరస్ వెయ్యాలో తేల్చుకోడానికి, నువ్వు అనుకుంటున్న మూడు యాంటీవైరస్‌లనీ లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని, నడిపే ప్రోగ్రాం) మీద చూసేస్తే చాలదా అని అడిగావు. చాలదురా. అక్కడ తేలేది సగమే. మిగతాది నీ సెంటరులో అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే కంప్యూటర్ దగ్గరే తేలాలి.

సెంటరులో ఏ విండోస్ ఉందో వర్చువల్ మెషీన్‌లోనూ అదే వెయ్యి. విండోస్ 11 అయితే 4 జీబీ ర్యామ్, రెండు కోర్లు, 64 జీబీ డిస్కు ఇవ్వాలి. టీపీఎం (రహస్య కీలు దాచే భద్రతా చిప్) కూడా అడుగుతుంది కనక వర్చువల్‌బాక్స్ 7 గాని, ఆ పైది గాని ఉండాలి. అప్‌డేట్లన్నీ అయ్యాక, రోజూ నీ దగ్గరకొచ్చే రకం పీడీఎఫ్‌లు, ఫొటోలు ఓ వెయ్యి అందులో పెట్టు. జనం ఇచ్చిన ఆధార్ కాపీలు మాత్రం వాడకు. మెషీన్ ఆపి, అప్పుడు స్నాప్‌షాట్ (ఆ క్షణాన మెషీన్ ఎలా ఉందో అలా దాచుకునే నకలు) తియ్యి. ప్రతి యాంటీవైరస్‌నీ ఆ స్నాప్‌షాట్ నుంచే మొదలుపెట్టాలి. ఒకటి తీసేసి దాని మీదే రెండోది వేస్తే, మొదటిదాని డ్రైవర్లు మిగిలిపోయి నింద రెండోదాని మీద పడుతుంది. స్నాప్‌షాట్‌కి వెనక్కెళ్లిన ప్రతిసారీ గడియారం సరిచూసి, డెఫినిషన్లు (వైరస్‌లని గుర్తుపట్టే జాబితాలు) అప్‌డేట్ అయ్యాకే పరీక్ష.

లాప్‌టాప్‌కీ వర్చువల్ మెషీన్‌కీ మధ్య దారులైన షేర్డ్ ఫోల్డర్, షేర్డ్ క్లిప్‌బోర్డ్, డ్రాగ్ అండ్ డ్రాప్ మూడూ ఆపెయ్. దాని నెట్‌వర్క్‌ని బ్రిడ్జ్‌డ్‌లో పెట్టావంటే అది నీ లాన్‌లో (సెంటరు లోపలి నెట్‌వర్క్‌లో) పదమూడో కంప్యూటర్ అయి కూర్చుంటుంది. నాట్‌లో (లాప్‌టాప్ వెనక ఉండి దాని ద్వారానే నెట్ వాడుకునే పద్ధతిలో) ఉంటే భయం లేదనుకుంటారు చాలామంది. అది పొరపాటు. బయటివి లోపలికి సులువుగా రాలేవు గాని, లోపలున్నది మాత్రం లాప్‌టాప్ ఉన్న లాన్‌లోని మిగతా కంప్యూటర్ల దాకా వెళ్లగలదు. అందుకే లాప్‌టాప్‌కి సెంటరు కేబుల్, వైఫై రెండూ తీసేసి ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుపు. నెట్ ఉండగా ఓసారి, లేకుండా ఓసారి చూడు. ఇప్పటి యాంటీవైరస్‌లు చాలావరకు క్లౌడ్‌ని (నెట్‌లో ఉన్న తమ కంపెనీ సర్వర్లని) అడిగి తేల్చుకుంటాయి కాబట్టి రెండు ఫలితాలూ ఒకలా ఉండవు.

పరీక్షకి ఐకార్ ఫైలు చాలు. 68 అక్షరాల హానిలేని వరస అది. దాదాపు అన్ని యాంటీవైరస్ కంపెనీలూ దాన్ని వైరస్‌లా పట్టుకోడానికి ఒప్పుకున్నాయి. చేత్తో టైపు చేస్తే మూడోది సున్నా కాదు, ఇంగ్లిష్ పెద్ద ‘ఓ’ అని గుర్తుంచుకో. దాన్ని విడిగా, జిప్‌లో, పెన్‌డ్రైవ్‌లో పెట్టి చూడు. జిప్ విప్పకముందు ఊరుకున్నా పరవాలేదు, విప్పాక ఊరుకోకూడదు. ఇది పట్టుకుందంటే యాంటీవైరస్ మేలుకుని ఉందని మాత్రమే అర్థం. ఎంత గట్టిదో దీంతో తెలీదు.

గట్టిదనం తెలుసుకోడానికి అసలు వైరస్‌లు దింపుకుందామని మాత్రం అనుకోకు. 2017 మేలో వన్నాక్రై (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) వచ్చినప్పుడు మన శ్రీకాకుళంతో సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. 445 పోర్టు (విండోస్ ఫైళ్లు పంచుకునే నెట్‌వర్క్ ద్వారం) తెరిచి ఉండి, మార్చిలోనే వచ్చిన ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) వెయ్యని పక్క కంప్యూటర్లలోకి అది తనంతట తానే పాకేది. ఇంకో సంగతి విను. మొదలెట్టేముందు అది అర్థంపర్థం లేని ఓ పొడవాటి డొమైన్‌ని (వెబ్ చిరునామాని) పిలిచేది, జవాబొస్తే ఆగిపోయేది. పరీక్షా మెషీన్లని గుర్తుపట్టడానికే అలా పెట్టి ఉంటారని, దాన్ని ఆపిన పరిశోధకుడి ఊహ. ఏ పేరడిగినా జవాబిచ్చే నకిలీ నెట్ కట్టిన ల్యాబ్‌లో దాన్ని నడిపితే దానంతట అదే ఊరుకుంటుంది, మనమేమో యాంటీవైరస్ ఆపిందని రాసుకుంటాం. వర్చువల్‌బాక్స్ జాడలు సులువుగా దాగవు: మామూలుగా 08:00:27తో మొదలయ్యే మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య), డిస్కు పేరులోనే కనబడే వీబాక్స్, గెస్ట్ అడిషన్స్ (వర్చువల్‌బాక్స్ తరఫున మెషీన్ లోపల వేసే సహాయక ప్రోగ్రాంలు) వేసుంటే వాటి సర్వీసులు. ఇవి చూసి మెదలకుండా కూర్చునే వైరస్‌లు చాలా ఉన్నాయి. అసలు వైరస్‌లతో పరీక్షించే ల్యాబ్‌లు వేరే ఉన్నాయి. ఆస్ట్రియాలో ఏవీ-కంపారటివ్స్, జర్మనీలో ఏవీ-టెస్ట్. వాటి ఫలితాలు చదువు. ఎన్ని పట్టిందన్నదే కాదు, మంచి ఫైళ్లని ఎన్నిసార్లు తప్పుపట్టిందో కూడా చూడు.

వేగం మాత్రం వర్చువల్ మెషీన్‌లో కొలవొద్దు. లాప్‌టాప్‌లో హైపర్-వి (వర్చువల్ మెషీన్లకి విండోస్ సొంత వ్యవస్థ) ఆన్‌లో ఉంటే వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున తాబేలు బొమ్మ వస్తుంది, అంతా ఈడుస్తుంది. డిస్కు చదివేటప్పుడు ఒక్కోసారి దీనికి రివర్సు: ఫైలు లాప్‌టాప్ ర్యామ్‌లోనే దొరికేసి లేని వేగం కనబడుతుంది. ఏవైపు తప్పిందో చెప్పలేని అంకె మనకెందుకు?

ఆ నెమ్మది కంప్యూటర్ డిస్కు ఊడదీసి సొరుగులో పెట్టు. అంతకుముందు క్లోన్‌జిల్లాతో (డిస్కు నకలు తీసే ప్రోగ్రాం) దాని ఇమేజ్‌ని, అంటే పూర్తి నకలుని, ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీసి, అదే రకం వేరే డిస్కులోకి దించు. పాత డిస్కులో నిండిన భాగం కొత్తదానికన్నా చిన్నదైనా, మొత్తం సైజు పెద్దదైతే క్లోన్‌జిల్లా మామూలుగా దించదు. అప్పుడు అంతే సైజుది కొనాలి. బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ సౌకర్యం) ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే ముట్టుకో. యూపీఎస్ లేకుండా ఇమేజ్ తియ్యకు, మన కరెంటు సంగతి నీకు తెలిసిందే.

ఇక కొలవడం. స్విచ్ వేసినప్పటినుంచి ప్రింటు ఇవ్వగలిగేదాకా ఎన్ని సెకన్లు, ఆ వెయ్యి ఫైళ్లు కాపీ అవడానికి ఎన్ని సెకన్లు? ముందు ఏ కొత్త యాంటీవైరస్ లేకుండా, విండోస్‌తోనే వచ్చే విండోస్ డిఫెండర్‌తోనే. తరవాత ఒక్కోదానితో, ఐదేసి సార్లు. మొదటిసారి ఎక్కువ పడుతుంది, యాంటీవైరస్ ఓసారి చూసిన ఫైళ్లని గుర్తుపెట్టుకుని తరవాత వదిలేస్తుంది కనక. ఆ మొదటి అంకె పారెయ్యకు, పక్కన రాసుకో. పొద్దున్నే లైనులో నిలబడ్డవాళ్లకి తగిలేది అదే.

వేలిముద్రల మిషను, డిజిటల్ సంతకం టోకెన్, స్కానర్, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ నాలుగూ వారం రోజులు నిజం పనిలో వాడి చూడు. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచు. అది కీబోర్డు నొక్కుళ్లని మధ్యలో అందుకుంటుంది, కీలాగర్లు (మనం నొక్కే కీలని దొంగచాటుగా రాసుకునే ప్రోగ్రాంలు) చేసేదీ అదే. అనుమానం వస్తే యాంటీవైరస్ దాన్నే పట్టుకుపోతుంది. అలా జరిగితే డ్రైవ్ మొత్తాన్ని మినహాయించకు, ఆ ఒక్క ప్రోగ్రాం ఫైలునే మినహాయించు.

అంకెలు చేతికొచ్చాక ఫోన్ చెయ్యి, కూర్చుని చూద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య