మోకాలి లిగమెంట్ తెగితే బాస్కెట్‌బాల్ కెరీర్ అయిపోయినట్టేనా? షాన్ లివింగ్‌స్టన్ గురించి చెబుతాను

మీ తమ్ముడు యూనివర్సిటీ జట్టులో ఆడుతుండగా ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలని పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంట్) తెగిందని, ఆపరేషన్ అయ్యాక గదిలోంచి బయటికి రావడం లేదని రాశారు. ఇక ఆట అయిపోయినట్టేనా అని అడిగారు. అయిపోలేదండీ. నాకూ అదే లిగమెంట్ తెగింది, ఆపరేషన్ అయింది. మంచం మీద ఉన్న ఆ నెలల్లో నాకు ధైర్యం ఇచ్చింది అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు షాన్ లివింగ్‌స్టన్ కెరీర్.

లివింగ్‌స్టన్‌ది ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియా. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు, ఆడేది మాత్రం పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి తెచ్చి జట్టు ఆటను నడిపించేవాడిగా. జట్టులో పొట్టిగా ఉన్నవాళ్ళు ఎక్కువగా ఆడే స్థానం అది. అంత ఎత్తు నుంచి కోర్టంతా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ ఊహించని చోటికి పాస్ ఇచ్చేవాడు. పొడవైన పాయింట్ గార్డ్‌గా పేరు పొందిన పాతతరం దిగ్గజం మ్యాజిక్ జాన్సన్‌తో పోల్చేవారు. 2004లో హైస్కూల్ నుంచి నేరుగా అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి వచ్చాడు. కొత్త ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ జట్టు అతన్ని నాలుగో పిక్‌గా తీసుకుంది.

2007 ఫిబ్రవరి 26న షార్లట్ జట్టుతో మ్యాచ్. లేఅప్‌కి (రింగు దగ్గరికి పరిగెత్తి వేసే షాట్‌కి) ఎగిరి కిందికి దిగేటప్పుడు ఎడమ మోకాలు పక్కకి వంగిపోయింది. ఏసీఎల్‌తో పాటు పీసీఎల్ అనే మరో లిగమెంట్, మెనిస్కస్ అనే మృదులాస్థి చిరిగాయి, మోకాలి పక్కన ఉండే ఎంసీఎల్ లిగమెంట్ బాగా దెబ్బతింది, మోకాలిచిప్ప స్థానం తప్పింది. కాలు తీసేయాల్సి రావచ్చని కూడా ఆస్పత్రిలో చెప్పారు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. ఆ వీడియో మాత్రం మీ తమ్ముడికి దయచేసి చూపించకండి.

మళ్ళీ నడక నేర్చుకోవడం దగ్గర మొదలుపెట్టాడు. తర్వాతి సీజన్ మొత్తం పోయింది. 2008లో మయామి జట్టు తీసుకుంది కానీ ఎక్కువ రోజులు ఉంచుకోలేదు. ఆ తర్వాత ఓక్లహోమా సిటీ, వాషింగ్టన్, షార్లట్, మిల్వాకీ, క్లీవ్‌లాండ్, బ్రూక్లిన్ జట్లు. మధ్యలో కింది స్థాయి లీగ్‌లో టల్సాకీ ఆడాడు. ఇన్ని ఊళ్ళు, ఇన్నిసార్లు ‘నువ్వు అక్కర్లేదు’ అనిపించుకోవడం! నాకైతే గాయం కంటే ఇదే కష్టంగా అనిపిస్తుంది.

మీ తమ్ముడికి ముఖ్యంగా చెప్పాల్సింది ఇక్కడుంది. లివింగ్‌స్టన్‌కి పాత వేగం తిరిగి రాలేదు. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా తన ఆటనే మార్చుకున్నాడు. డిఫెండర్‌కి వీపు పెట్టి, మెల్లగా రింగుకి పది పన్నెండు అడుగుల దూరం దాకా జరిగి, గిర్రున తిరిగి వాడి తల మీదుగా షాట్ వేసేవాడు. ఎదుటి గార్డులు పొట్టి, ఆ బంతి అందదు. లీగ్ అంతా దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్ల వెంట పడుతున్న రోజుల్లో, అతను వాటి జోలికి దాదాపు వెళ్ళేవాడే కాదు.

నాకు తొడ కండరం బలం తిరిగి వచ్చాక కూడా ఎగిరి ఆ కాలి మీద దిగాలంటే వణుకు పుట్టేది. అప్పుడు అతని ఆట చూసి, పరుగు అవసరం లేని ఆ టర్న్ షాట్ నేర్చుకున్నాను. ఇప్పుడు వారాంతాల్లో ఆడుతున్నాను, ఎక్కువ పాయింట్లు దాని మీదే వస్తాయి.

2014లో లివింగ్‌స్టన్ గోల్డెన్ స్టేట్ జట్టులో చేరాడు. అక్కడ వరుసగా ఐదు ఫైనల్స్ ఆడి, 2015, 2017, 2018లో ఛాంపియన్ అయ్యాడు. 2016 ఫైనల్స్ మొదటి మ్యాచ్ తప్పకుండా చూపించండి. ఆ రోజు జట్టులోని పెద్ద స్టార్లయిన స్టెఫ్ కర్రీకి 11, క్లే థాంప్సన్‌కి 9 పాయింట్లే వచ్చాయి. బెంచ్ మీద నుంచి వచ్చిన లివింగ్‌స్టన్ 20 కొట్టాడు, క్లీవ్‌లాండ్ మీద జట్టు 104-89తో గెలిచింది. తనను ఒకప్పుడు వదులుకున్న జట్టు మీదే!

2019లో రిటైర్ అయ్యాడు. మొత్తం 800కి పైగా మ్యాచ్‌లు, సగటు 6 పాయింట్లు దాటి కొంచెం. గాయం కాకపోతే ఎంత గొప్పవాడయ్యేవాడో అని చాలామంది బాధపడతారు. నాకు ఆ బాధ లేదు, అతను ఆడిన ఆటే నాకు ఇష్టం.

ఒక్క విషయంలో మాత్రం తొందర వద్దు. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మ్యాచ్‌లకి కనీసం తొమ్మిది నెలలు ఆగమంటారు. రెండు కాళ్ళ బలం దాదాపు సమానమైందని ఫిజియో పరీక్షించి చెప్పేదాకా కోచ్ పిలిచినా వెళ్ళనివ్వకండి. లివింగ్‌స్టన్‌కి ఏడాదిన్నర పైనే పట్టింది. మీ తమ్ముడు ఏ స్థానంలో ఆడతాడో చెప్పండి, డాక్టర్ సరేనన్నాక మొదలుపెట్టదగ్గ షాట్ ప్రాక్టీస్ ఏమిటో వివరంగా రాస్తాను.