ఐస్ హాకీలో మావాడికి గోల్స్ పడటం లేదు, స్లాప్ షాట్ నేర్పించమంటారా?

వద్దండి. ఇంకో రెండేళ్ళ దాకా ఆ షాట్ ఊసే ఎత్తకండి.

ప్రశ్న పూర్తిగా చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. వీళ్ళుండేది కెనడాలోని బ్రాంప్టన్‌లో. అబ్బాయికి పన్నెండేళ్ళు, యూ-13 (పదమూడేళ్ళ లోపు పిల్లల) హౌస్ లీగ్‌లో, అంటే ఊళ్ళో సరదాగా ఆడే లీగ్‌లో ఫార్వర్డ్. స్కేటింగ్‌లో తోటివాళ్ళందరినీ దాటేస్తాడట, కానీ సీజన్ సగం అయినా రెండే గోల్స్. షాట్‌లో బలం లేదని తండ్రిగారి అనుమానం, అందుకని స్లాప్ షాట్‌కి విడిగా కోచింగ్ పెట్టించాలనుకుంటున్నారు.

మనం క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళం. గట్టిగా కొడితేనే పరుగులు అన్నది ఒంట్లో ఉండిపోయింది, అందుకే హాకీలో కూడా కర్ర భుజం దాకా లేపి బాదేవాడే మనకి ఆటగాడిలా కనిపిస్తాడు. స్లాప్ షాట్‌లో నిజానికి కొట్టేది ముందు పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళని) కాదు, దానికి అంగుళమో రెండంగుళాలో వెనక ఉన్న ఐస్‌ని. ఆ దెబ్బకి కర్ర విల్లులా వంగి, తిరిగి నిటారయ్యేటప్పుడు పక్‌ని విసురుతుంది. చూడటానికి అద్భుతం. 2012లో జ్డెనో చారా గంటకి 108.8 మైళ్ళ వేగంతో కొట్టాడు. కాకపోతే అది ఎదురుగా ఎవరూ లేని స్కిల్స్ పోటీ, ఆయన ఆరడుగుల తొమ్మిదంగుళాల డిఫెన్స్‌మన్. మీవాడు కర్ర వెనక్కి లేపి కిందికి దించేలోపు ఎవడో ఒకడి స్టిక్ పక్ మీద పడుతుంది. తగిలినా, తల దించుకుని కొడతాడు కాబట్టి గోలీ, అంటే గోల్‌కీపర్ ఎక్కడున్నాడో చూసుకోడు.

బలం సంగతి వచ్చింది కాబట్టి 2025 ఏప్రిల్ 6 నాటి గోల్ ఒకసారి పెట్టి చూడండి. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో వేన్ గ్రెట్‌స్కీ 894 గోల్స్ రికార్డుని అలెక్స్ ఒవెచ్కిన్ దాటిన గోల్ అది. ఒవెచ్కిన్ జట్టు వాషింగ్టన్ వాళ్ళకి పవర్ ప్లే, అంటే ప్రత్యర్థి జట్టులో ఒకడు పెనాల్టీ మీద బయట కూర్చున్నాడు. ఒవెచ్కిన్ ఎప్పటిలాగే గోల్‌కి ఎడమ పక్క ఐస్ మీద గీసిన ఫేసాఫ్ సర్కిల్‌లో. ఇరవై ఏళ్ళుగా అతను అక్కడే నిలబడతాడని, అక్కణ్ణుంచే స్టిక్ లేపి వచ్చిన పాస్‌ని వచ్చినట్టే బాదుతాడని లీగ్‌లో తెలియనివాడు లేడు. టామ్ విల్సన్ పాస్ ఇచ్చాడు. ఆ రోజు మాత్రం బాదలేదు. పక్‌ని స్టిక్ బ్లేడు మీదికి తీసుకుని, కర్ర వెనక్కి లేపకుండా విసిరే రిస్ట్ షాట్ వదిలాడు, ఎదుటి గోలీ సొరోకిన్‌ని దాటి లోపల పడింది. ఆ తర్వాత ఐస్ మీద బోర్లా జారడం, ఆట ఆగిపోవడం, గ్రెట్‌స్కీ కిందికి దిగి రావడం అందరికీ గుర్తుంది. మీవాడికి చూపించాల్సింది మాత్రం ఆ సంబరం కాదు, పాస్ అందడానికి పక్ వదలడానికి మధ్య ఉన్న కాస్త సమయం. వీడియో నెమ్మది చేసి, ఆ కాస్తలో అతని చేతులు ఒంటికి ఎంత దూరంగా ఉన్నాయో చూడమనండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు ప్రశ్నలో రాయలేదు గానీ, పందెం వేసి చెబుతాను: మీ అబ్బాయి స్టిక్ పొడుగు, పైగా గట్టి. స్కూల్ యూనిఫాం రెండు సైజులు పెద్దది కుట్టించినట్టు, ఎదిగే పిల్లాడు కదా అని స్టిక్ కూడా పెద్దదే కొంటాం. కర్ర మీద ఫ్లెక్స్ అని ఒక అంకె ఉంటుంది. ఆ కర్రని ఒక అంగుళం వంచడానికి ఎన్ని పౌన్ల బలం కావాలో చెప్పే అంకె అది. పిల్లాడి బరువుని పౌన్లలోకి మార్చి సగం చేస్తే కావలసిన ఫ్లెక్స్ సుమారుగా వస్తుంది. నలభై కిలోలంటే 88 పౌన్లు, కాబట్టి 40, 45 మధ్య చాలు. దుకాణంలో 65 అంటగడతారు, ఇంటికి తెచ్చి పొడుగైందని రెండంగుళాలు కోస్తాం. కోస్తే కర్ర ఇంకా గట్టిపడుతుంది, పొట్టి దుంగని వంచడం కష్టం కదా. వంగని కర్రతో పన్నెండేళ్ళ పిల్లాడు ఎంత ఊగినా పక్‌ని తోస్తాడే తప్ప విసరలేడు. మీకు బలం లేనట్టు కనిపిస్తున్నది చాలావరకు ఇదే.

పొడుగు సంగతి: స్కేట్స్ వేసుకుని నిలబడితే కర్ర పైకొస గడ్డానికీ కాలర్ ఎముకకీ మధ్య ఉండాలి. ఇంకా మంచి సాక్ష్యం బ్లేడుకి చుట్టిన టేప్. రెండు మూడు ఆటలయ్యాక తిప్పి చూడండి. హీల్ వైపు, అంటే కర్రకి అతికిన మూల దగ్గర టేప్ అరిగిపోయి కొస కొత్తదిలా ఉంటే, స్టిక్ పొడుగైనట్టో, బ్లేడు కోణం వాడికి సరిపోనట్టో. కొసే అరిగితే పొట్టి. మధ్యలో అరిగితే ముట్టుకోకండి. మూడు నాలుగు వందల డాలర్ల కార్బన్ స్టిక్ మాత్రం ఈ వయసుకి శుద్ధ దండగ. అరడజను నెలల్లో పిల్లాడూ మారతాడు, స్టిక్కూ విరుగుతుంది.

ఇక రిస్ట్ షాట్. పేరు మణికట్టుది, పని ఒంటి బరువుది. పక్ బ్లేడు హీల్‌కీ మధ్యకీ నడుమ కూర్చోవాలి, వెనక కాలికి ఎదురుగా, ఒంటికి అడుగు దూరంలో. కింది చేతిని మామూలు కంటే ఓ జానెడు కిందికి జార్చాలి. ఆ చేత్తో కర్రని ఐస్‌లోకి నొక్కుతూ, బరువుని వెనక కాలి నుంచి ముందు కాలికి మార్చాలి. కర్ర వంగేది ఆ నొక్కుడుకే. తర్వాత పై చెయ్యి వెనక్కి లాగుతుంది, కింది చెయ్యి ముందుకి తోస్తుంది. పక్ హీల్ నుంచి కొస దాకా దొర్లుతూ వెళ్ళాలి, అప్పుడే గిరగిరా తిరుగుతూ పళ్ళెంలా చదునుగా పోతుంది. దొర్లకుండా ఒకేసారి వదిలేస్తే గాలిలో గిలగిల్లాడి గోలీ ఒళ్ళో పడుతుంది. చివర్లో బ్లేడు ఎటు చూస్తే పక్ అటు. మోకాలి ఎత్తులో ఆగితే కింద పడుతుంది, నడుం దాకా లేస్తే పైకి పోతుంది.

ఎక్కడ చెడుతుందంటే, నూటికి తొంభై మంది పిల్లలకి పై చెయ్యి పొట్టకి అతుక్కుని ఉంటుంది. అలా ఉంటే చేతులు ఆడటానికి చోటే ఉండదు. మోచెయ్యి ఒంటికి ఎడంగా ఉందో లేదో పక్కనించి చూస్తే తెలిసిపోతుంది. రెండోది, పక్ పైకి లేవాలని వెనక్కి వాలడం. లేస్తుంది, నెట్ మీంచి రింక్ చుట్టూ ఉన్న అద్దాలకి పోతుంది. మూడోది, కొట్టే ముందు ఆగడం. కాళ్ళు ఆగితే గోలీకి టెలిగ్రాం ఇచ్చినట్టే. స్కేట్ చేస్తూనే, స్టిక్ ఉన్న వైపు కాలి మీద బరువుండగానే వదలడం అలవాటు చేయండి.

ఇది కుదిరాక ఇంకొక్క మెలిక చాలు. వదిలే ముందు పక్‌ని అడుగంత దూరం తన వైపు లాక్కోవడం. ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు ఆస్టన్ మాథ్యూస్ 2023-24లో 69 గోల్స్ వేశాడు, అతని చేతుల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. గోలీ నిలబడేది ఆటగాడి ఒంటిని చూసి కాదు, పక్‌ని చూసి. పక్ అడుగు జరిగితే వాడు కట్టుకున్న కోణమంతా మారిపోతుంది, ఎదుటి డిఫెన్స్‌వాడి స్టిక్ కూడా తప్పిపోతుంది. యూట్యూబ్‌లో పిల్లలు నేర్చుకునే టో-డ్రాగ్ విన్యాసాలు, అంటే బ్లేడు కొసతో పక్‌ని లాగుతూ ఆటగాళ్ళని తప్పించడం, వేరే రకం. ముగ్గుర్ని తప్పించి నాలుగోవాడికి పక్ అప్పజెప్పడానికి అవి బాగా పనికొస్తాయి.

చోటు సంగతి షాట్ కంటే ముఖ్యం. నెట్ వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగు. ఎదురుగా నిలబడినవాడికి ఆరూ కనిపిస్తాయి, గోడ పక్కన మూలలో ఉన్నవాడికి గోలీ ప్యాడ్లు తప్ప ఏమీ కనబడవు. స్కేటింగ్ బాగా వచ్చిన పిల్లలకి ఒక జబ్బు ఉంటుంది, వేగం వచ్చేసరికి గోడ వెంట పక్కకి పోయి అక్కణ్ణుంచి కొడతారు. మీవాడి షాట్లలో ఎన్ని రెండు ఫేసాఫ్ చుక్కల మధ్య నుంచి వచ్చాయో ఒక ఆటలో లెక్కపెట్టండి. బ్రెట్ హల్ 1990-91లో 86 గోల్స్ వేసినప్పుడు పక్ వెంటపడి తిరగలేదు. ఎవరూ తనని పట్టించుకోని చోటు వెతుక్కుని, స్టిక్ ఐస్ మీద సిద్ధంగా పెట్టుకుని, తన జట్టులోని ఆడమ్ ఓట్స్ పాస్ కోసం కాచుకున్నాడు. గ్రెట్‌స్కీ 1981-82లో 92 వేశాడు, ఆయన షాట్ గట్టిదని ఎవరూ అనలేదు. అన్నట్టు ఆయన పుట్టింది మీకు దగ్గర్లోనే, బ్రాంప్టన్ కాదు, బ్రాంట్‌ఫర్డ్. వాళ్ళ నాన్న పెరట్లో నీళ్ళు పోసి గడ్డకట్టించి రింక్ చేసి, డబ్బాలు వరసగా పెట్టి వాటి చుట్టూ తిప్పించేవాడు.

క్యారమ్స్ ఆడినవాళ్ళకి రీబౌండ్, అంటే తగిలి తిరిగొచ్చే పక్ గురించి వేరే చెప్పక్కర్లేదు. గోలీ మోకాళ్ళ మీద పడి కాళ్ళు రెండు పక్కలకీ చాపాడంటే కింద దాదాపు అంతా మూసుకుపోయినట్టే. పెద్ద లీగుల్లో ప్యాడ్ వెడల్పే 11 అంగుళాల దాకా ఉంటుంది. అయినా కిందికే కొట్టడంలో ఒక లెక్క ఉంది. పక్కనించి వస్తూ అవతలి కాలి ప్యాడ్‌కి, ఐస్‌కి నాలుగైదు అంగుళాల ఎత్తులో కొడితే, పక్ అటు పక్కకి ఎగిరి వస్తుంది. అక్కడ మన జట్టువాడు స్టిక్ ఐస్ మీద పెట్టుకుని ఉంటే ఖాళీ నెట్. గోల్ కోసం కొట్టే షాట్ వేరు, రీబౌండ్ కోసం కొట్టేది వేరు, ఈ తేడా యూ-13లో చెప్పే కోచ్‌లు తక్కువ.

నెట్ ముందు నిలబడటం కూడా నేర్పాలి. ముఖం కొట్టేవాడి వైపు, మోకాళ్ళు వంచి, కింది చెయ్యి బిగించి, పాదాలు గోలీ ముందున్న నీలం రంగు చోటుకి బయట. దూరం నుంచి వచ్చే పక్‌ని కొట్టకూడదు, బ్లేడు కోణం పెట్టి కదలకుండా ఉంచితే అదే తాకి దారి మారుతుంది. స్లిప్‌లోకి పోయే ఎడ్జ్ లాంటిదే, కాకపోతే కావాలని చేస్తాం. క్రాస్‌బార్ కంటే ఎత్తులో స్టిక్ తగిలితే ఆ గోల్ ఇవ్వరు. మొదట టెన్నిస్ బంతితో, హెల్మెట్ పెట్టి, ఆరేడు మీటర్ల నుంచి నేల మీదుగా కొట్టి సాధన చేయించండి. హాకీ కెనడా 2013 నుంచి ఈ వయసు ఆటలో బాడీ చెకింగ్ (ఒంటితో గుద్ది ఆపడం) తీసేసింది కాబట్టి, ఒళ్ళు తగులుతుందన్న భయం ముదరకముందే ఆ చోటు అలవాటు కావడానికి ఇదే అదను.

ఇంట్లో సాధనకి రింక్ అద్దె అక్కర్లేదు. గరాజ్‌లో నాలుగడుగులు-ఎనిమిది అడుగుల నున్నటి ప్లాస్టిక్ షీట్ పరిచి, వెనక మందపాటి టార్పాలిన్ కట్టి, మామూలు ఆరు ఔన్సుల పక్‌లతో రోజుకి డెబ్భై ఎనభై షాట్లు. పక్‌లు వరసగా పేర్చి నిలబడి కొట్టడం వల్ల పెద్ద లాభం లేదు. మీరు పక్కనించి పక్ జార్చండి, వాడు అందుకున్న వెంటనే వదలాలి. మూడోవంతు బ్యాక్‌హ్యాండ్, అంటే బ్లేడు వెనక వైపుతో కొట్టేవి ఉండాలి, పిల్లలు దాన్ని పూర్తిగా వదిలేస్తారు, గోలీలకి అందుకే అది అంతుపట్టదు. అలసిపోయి చేతులు పొట్టకి చేరడం మొదలవగానే ఆపేయండి, అక్కణ్ణుంచి సాధన అయ్యేది తప్పే.

ఒక చిన్న మనవి. అద్దాల అవతల నిలబడి "షూట్! షూట్!" అని అరవకండి. అది వినిపించిన ప్రతిసారీ పిల్లాడు గోడ పక్క నుంచే కొట్టేస్తాడు.

వచ్చే ఆటలో గోల్స్ లెక్కపెట్టకండి, ఇది చూడండి: షాట్ కొట్టాక మీవాడు నెట్ ముందు మంచు లేచేలా బ్రేక్ వేసి ఆగుతున్నాడా, లేక వేగం పోతుందని వంపు తిరిగి నెట్ వెనక నుంచి మూలకి వెళ్ళిపోతున్నాడా? పదిసార్లలో ఎనిమిదిసార్లు తిరిగిపోతుంటే, కోచింగ్ డబ్బులు దాచుకుని ముందు ఆ ఆగడం నేర్పండి. స్టిక్ ఫ్లెక్స్ ఎంతో, టేప్ ఎక్కడ అరిగిందో కింద రాస్తే మిగతాది చెబుతాను.