అతను ఇంకా ఏడవలేదు

తమ్ముడూ,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. అమ్మాయి వెళ్లిపోయాక కుర్రాడు రాత్రంతా ఆ పాతకాలపు అమెరికన్ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ పాట పెట్టుకుని కూర్చున్నాడు చూడు, అది నువ్వు పడ్డదేనని తెలిసిపోతోంది. కానీ ఆ వెంటనే 'ఆ పాట అతని గాయానికి మందు రాసింది' అన్నావు. అక్కడ నేను కథలోంచి బయటికొచ్చేశాను.

ఆ పాట నాకూ పాత చుట్టమే. 'ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై'. డాలస్‌లో చదువుకునే రోజుల్లో, పెళ్లి దాకా వచ్చిందనుకున్న అమ్మాయి ఫోన్లో రెండు నిమిషాల్లో వద్దని చెప్పేసింది. స్టవ్ మీద పప్పు పెట్టిన సంగతి మర్చిపోయాను. నా రూమ్మేట్ మాడిన గిన్నె తోముతూ ఏమీ అడగలేదు. చేతులు తుడుచుకుని టేప్‌రికార్డర్లో ఈ పాట వేశాడు, అంతే. ఆ ఫిడేలు వినబడితే నాకిప్పటికీ మాడు వాసనే.

బాధ తగ్గిందా అంటే లేదు. ఆకలి మాత్రం వేసింది.

సరే, పాట సంగతి. 1949 ఆగస్టులో సిన్సినాటిలో రికార్డు చేశారు. మూడు నిమిషాలు కూడా ఉండదు. రికార్డుకి రెండో వైపు వేశారు, మొదటి వైపు ఏదో చిల్లు బకెట్ గురించిన హుషారు పాట! హ్యాంక్‌కి భార్యతో గొడవలు, 1952లో విడాకులు. ముప్పై నిండకుండానే 1953 జనవరి 1న కారు వెనక సీట్లో పోయాడు. చెప్పుకోవాలంటే కావలసినంత ఉంది అతని దగ్గర.

అయినా ఆ పాటలో ప్రేమ అన్న మాటే లేదు. ఎవరు వదిలేశారో, ఎందుకో లేదు. రాత్రిపూట కూసే పిట్ట, అర్ధరాత్రి రైలు, మబ్బు చాటుకెళ్లి ఏడ్చే చంద్రుడు, ఆకులు ఎండుతుంటే ఏడ్చే రాబిన్ పిట్ట. మూడు చరణాలు ఇలాగే గడిచిపోతాయి. 'నువ్వెక్కడున్నావో' అన్నది నాలుగో చరణంలో, చుక్క రాలాక గానీ రాదు. ఇంకోటి చూడు. చంద్రుడు ఏడుస్తాడు, పిట్ట ఏడుస్తుంది. అతను మాత్రం ఏడుపొచ్చేంత ఒంటరిగా ఉందంటాడే గానీ ఏడవడు. నీ కుర్రాడు మొదటి పేజీలోనే మూడుసార్లు ఏడ్చాడు. ఇక చదివేవాడికి ఏం మిగిల్చావు?

అలాగని వెన్నెలనీ కోయిలనీ పట్టుకురాకు. మన దగ్గర ఆ సరుకు ఎప్పుడో అరిగిపోయింది. నాలుగో పేజీలో ఆమె మర్చిపోయిన ఛార్జర్ అని ఒక్క ముక్క అని వదిలేశావు. ఆ పిన్ను అతని ఫోన్‌కి పట్టదు కదా, మరి ఇంకా ప్లగ్గులోనే ఎందుకుంది? నాకు ఆ కథ కావాలి.

పాటకి తెలుగులో అర్థం చెప్పే పని పెట్టుకోకు. చప్పబడిపోతుంది. (నేనూ ఓసారి ప్రయత్నించాను, ఆ కాగితం ఎవరికీ చూపించలేదు.) అది మోగుతుండగా నీ కుర్రాడు ఏం చేస్తున్నాడో చెప్పు చాలు.

బ్రేకప్ బాధలో ఉండగానే దాని గురించి రాయొచ్చా అని అడిగావు. రాయొచ్చు. పత్రికకి మాత్రం ఇప్పుడే పంపకు. ఆ అమ్మాయి అసలు పేరే పెట్టినట్టున్నావు, ముందు అది మార్చు.

ఛార్జర్ పేజీ తిరగరాసి పంపు. ఆదివారం ఖాళీగానే ఉంటాను.

అన్నయ్య