కరోనా టెస్టు చెల్లదని విమానం ఎక్కనివ్వలేదు: పరిహారం అడగవచ్చా?

ప్రశ్న: మాది జడ్చర్ల. డాలస్‌లో ఉన్న చెల్లెలి కాన్పుకు అమ్మానాన్నలను పంపుదామని టికెట్లు కొన్నాను. 2022 జనవరి 19 రాత్రి 10 గంటలకు శంషాబాద్‌లో విమానం. ఇద్దరూ 18వ తేదీ ఉదయం 9 గంటలకు ఆర్టీపీసీఆర్ నమూనా ఇచ్చారు, నెగెటివ్ వచ్చింది. కౌంటర్‌లో మాత్రం 24 గంటలు దాటిందని ఇద్దరినీ ఆపేశారు. అమ్మ వ్యాక్సిన్ సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టుతో కలవలేదని కూడా అన్నారు. విమాన సంస్థ డబ్బు తిరిగి ఇవ్వనంటోంది. ఇప్పుడు, 2023 అక్టోబరులో, కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే మీ నాన్నగారి విషయాన్నీ అమ్మగారి విషయాన్నీ ఒకే గాటన కట్టకూడదు.

ముందు నాన్నగారి సంగతి. అమెరికా వెళ్లే విమాన ప్రయాణికులు బయలుదేరడానికి ఒక రోజు లోపల పరీక్ష చేయించుకోవాలన్న నిబంధన 2021 డిసెంబరు 6 నుంచి 2022 జూన్ 12 వరకు అమలులో ఉంది. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఆ ‘ఒక రోజు’ను గంటలతో కాక క్యాలెండర్ తేదీతో లెక్కించింది, అంటే 19వ తేదీన విమానం ఎక్కేవారు 18వ తేదీన ఏ వేళ నమూనా ఇచ్చినా అది చెల్లుతుంది. ఒకే టికెట్‌పై మధ్యలో విమానం మారవలసి ఉన్నా, మొదటి విమానం బయలుదేరే తేదీనే లెక్కలోకి తీసుకునేవారు. కాబట్టి అసలు లేని 24 గంటల నియమాన్ని కౌంటర్ సిబ్బంది వర్తింపజేశారు. కాగితాలను సరిచూడవలసిన బాధ్యతను అమెరికా ప్రభుత్వం విమాన సంస్థలపైనే పెట్టినందున, మాకు తెలియదని వారు తప్పించుకోలేరు. ఇది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపమే అవుతుందని నా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త: టికెట్ మీద తేదీని మరోసారి చూసుకోండి. మన వాళ్లు ‘ఈ రాత్రి విమానం’ అన్నది చాలాసార్లు అర్ధరాత్రి దాటాక బయలుదేరుతుంది. అది 20వ తేదీ అయి ఉంటే 18వ తేదీ పరీక్ష చెల్లదు, నేను పైన చెప్పినదంతా తలకిందులవుతుంది.

అమ్మగారి విషయంలో నాకు అంత ధైర్యం లేదు. అమెరికా పౌరులు కానివారికి 2021 నవంబరు 8 నుంచి పూర్తి టీకా తప్పనిసరి అయింది. ఆ ధ్రువపత్రంలోని పూర్తి పేరు, దానితో పాటు పుట్టిన తేదీ వంటి మరొక వివరం పాస్‌పోర్టుతో సరిపోవాలి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, అదే ప్రభుత్వ టీకా పోర్టల్ కోవిన్ ఇచ్చే సర్టిఫికెట్‌లోకి ఎక్కిన ఇబ్బంది మన జిల్లాల్లో ఎందరికో ఎదురైంది. కోవిన్‌లో దిద్దుకునే వీలు అప్పటికే ఉన్నందున తప్పు ప్రయాణికురాలిదేనని వారు వాదిస్తారు, ఆ వాదన నిలుస్తుంది కూడా. అయినా టికెట్ మన దేశపు సంస్థది అయితే, ప్రయాణం చేయకపోయినా పన్నులు, విమానాశ్రయ రుసుములు వాపసు ఇవ్వాలని మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం చెబుతోంది. ఆ మేరకు అడగండి. భార్యను ఎలాగూ ఎక్కించేవారు కానప్పుడు నాన్నగారు ఒంటరిగా వెళ్లేవారా అని ఎదుటి వకీలు తప్పక అడుగుతాడు. కూతురి కాన్పుకు వెళ్లేవారేనని, ఆ నిర్ణయం తీసుకునే అవకాశమే తనకు ఇవ్వలేదని నాన్నగారు ప్రమాణపత్రంలో స్పష్టంగా చెప్పాలి.

డీజీసీఏ పట్టికలోని 10,000, 20,000 రూపాయల పరిహారం గురించి మీరు విని ఉంటారు. అది సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మి ప్రయాణికులను దింపేసినప్పటి లెక్క, మీకు వర్తించదు.

ఇక గడువు. చట్టం ఇచ్చేది రెండేళ్లు. కరోనా దృష్ట్యా సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్ని మినహాయిస్తే, మీకు 2024 ఫిబ్రవరి చివరి వరకు సమయం ఉన్నట్టే. అయినా అంత దాకా ఆగవద్దని నా సలహా. విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒడంబడికలోనూ రెండేళ్ల గడువు ఉంది, దాన్ని అడ్డం పెట్టుకుని 2024 జనవరితోనే మీ హక్కు పోయిందని వారు వాదించే ప్రమాదం ఉంది. మీరు పంపిన ఈమెయిళ్లకు వారు జవాబులు రాసినంత మాత్రాన గడువు పెరగదు.

ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకునే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ కింద ఉంది కనుక మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు లేదు, వకీలు కూడా తప్పనిసరి కాదు. టికెట్లు మీరు కొన్నా, సేవ పొందవలసిన వారు అమ్మానాన్నలే. ఫిర్యాదు వారి పేరున ఉండాలి. నమూనా తీసుకున్న తేదీ, వేళ కనిపించే ల్యాబ్ రిపోర్టు, టికెట్లు, విమాన సంస్థ జవాబులు జతచేయండి. ఎక్కనివ్వని కారణాన్ని ఆ రాత్రి కాగితం మీద రాసి ఇవ్వలేదా? అలాగైతే వారి ఈమెయిళ్లలో ‘24 గంటలు’ అన్న మాట ఎక్కడ ఉందో వెతకండి. లేకపోతే ఈ వారంలోనే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, ఏ నియమం ప్రకారం ఆపారో రాతపూర్వకంగా చెప్పమని అడగండి.